లేనోని చెయ్యి

1974 జూన్ 9, ఆదివారం

ఎడమ చెయ్యి. అక్షరాలు కోడిపిల్లలు గెలికినట్టున్నయి.

జూన్ 10

ఈ బుక్కు లింగమూర్తి వకీలు సాబ్ ఇచ్చిండు. రోజూ ఇంత రాస్తే చెయ్యి తిరుగుతదట. ఏం రాయాలె సార్ అన్న. "నోటితోని కూసేదే రాయి, కాయితమన్న నవ్వుకుంటది" అన్నడు.

మొదటి పేజీల 'పేరు' అని అచ్చేసి గీత కొట్టి ఉన్నది. ఖాళీగ ఇడిసిన.

జూన్ 11

లేని చెయ్యి దురద పెడుతున్నది. ఏడ గోకుకోవాలె?

జూన్ 13, గురువారం

రాసి చూసుకుంటే బుగులు తగ్గుతదేమో. ఈ బుక్కు బియ్యం గుమ్మిల దాస్త, ఎవ్వడు చూస్తడు.

బొగ్గుబాయి మీద అందరు నన్ను ఆగయ్య అంటరు. ఆగయ్య నేను కాదు. ఆగయ్య అంటే నా పెండ్లాం పూలమ్మకు అన్న, నాకు బావ. కాసిపేట దిక్కు ఎవుసం చేసుకుంటడు. నర్సింగం కంట్రాక్టరు సొరంగం పని పట్టినప్పుడు మనుషులను తీసుకునే చిట్టీ బావ పేరు మీద వచ్చింది. బావ వచ్చిండు, సొరంగం మూతి చూసిండు, లోపటికెల్లి వచ్చే చల్లగాలి మొకానికి తగలంగనే ఆడనే కూలవడ్డడు. "నాతోని కాదు బావా, నువ్వే పో" అన్నడు. నేను పోయిన. అప్పటిసంది నేనే ఆగయ్య.

ఈడ ఇదేం వింత ముచ్చట కాదు. బాయికి ఒక పేరు, ఇంటికి ఒక పేరు ఉన్నోళ్ళు ఎంతమందో. పెండ్లాలు మొగని పేరు ఎట్లాగు పలుకరు గనుక ఇండ్లల్ల ఇబ్బంది లేదు. ఇబ్బంది పూలమ్మకే. పక్కింటోళ్ళు "ఆగయ్య పెండ్లామా" అని కేకేస్తె చెవులు మూసుకుంటది. తోడబుట్టినోని పేరాయె. మొదట్ల నేను కావాల్నని పక్కింట్ల చెప్పి పిలిపించేటోన్ని, ఆమె చీపురు పట్టుకొని ఎంటవడేది.

మాఘమాసంల పట్టాల మీద రెండు టబ్బు బండ్ల నడుమ గొలుసు తగిలిస్తుంటే పైనున్నోడు తాడు ఇడిసిండు. టబ్బు ఉరికొచ్చింది. దవాఖానల కుడిచెయ్యి మణికట్టు మీదికి తీసేసిండ్రు. కంట్రాక్టరు మనిషి వచ్చి రెండు ఆపిల్ పండ్లిచ్చి, ఇంటికి పొమ్మన్నడు. గంతే. పండ్లు చప్పగున్నయి.

పోయిన చెయ్యికి పైసలు రావాల్నని ఏసిన కేసు ఆగయ్య పేరు మీదనే ఉన్నది. వకీలు సాబ్‌కు తెల్వదు.

చెప్పాలె.

జూన్ 14

చెప్పేది లేదు. తెలిస్తే ఆయన కూడ నన్ను ఇడిసిపోతడు.

జూన్ 16, ఆదివారం

వకీలు సాబ్ ఆదివారం ఆదివారం కరీంనగర్‌కెల్లి బస్సుకు వచ్చి ఐలవ్వ మిర్చీల హోటలెనుక బల్ల మీద కూసుంటడు. చేతులు, కాళ్ళు, కండ్లు పోయినోళ్ళ కేసులు ఫీజు లేకుంట చేస్తడు. వాళ్ళ నాయిన తాడిచెట్టు మీదికెల్లి పడి మంచానికే అయిండట. చచ్చేదాక 'నీకేమన్న రావాలె గద' అని చెప్పినోడు ఒక్కడు లేడట. గింతే చెప్పిండు, మళ్ల అడిగితే కసురుతడు.

మొదటిసారి పోయినప్పుడు మూగోని లెక్క సైగలు చేసిన, ఏం చేస్తడో చూద్దామని. పాపం ఓపికగ కాయితం మీద బొమ్మలు గీసుకుంట అడిగిండు. "వీని నోరు మూగదైతే ఊరు బాగుపడు గద సారూ" అని ఐలవ్వ అనంగనే పెన్ను మూతతోని నా నెత్తి మీద ఒకటిచ్చిండు.

ఇయ్యాల సాబ్ మిర్చీ ముట్టలేదు. పల్లెం పక్కకు నూకి ఒక కాయితం తీసిండు.

"కంట్రాక్టరు జవాబు పంపిండు. ఆగయ్యకు రెండు చేతులున్నయట. ఊర్ల నాగలి దున్నుకుంటున్నడట. కేసేసినోడు ఎవ్వడో దొంగ అంటున్నరు."

"ఆ నాగలి కూడ దొంగదే కావచ్చు సార్" అన్న.

నవ్వలేదు. "నీ పేరేంది?"

ఐలవ్వ మూకుట్ల గంటె ఆపింది. చెప్పిన. జిందగీల నా పేరు నా నోటికి అంత బరువు ఎన్నడు కాలేదు.

"నాకు ముందే ఎందుకు చెప్పలే?"

"బుగులు, సార్."

"నాతోనా?"

"అందరితోని."

కండ్లద్దాలు తీసి తుడిసిండు. ఆయన బల్ల మీదికెల్లి లేస్తడని చూస్తున్న. లేస్తె ఏం మాట్లాడాలె అని కూడ అనుకున్న. లేవలేదు. "చెయ్యి ఎవ్వనిది పోయింది?" అన్నడు.

"నాదే."

"అయితే కేసు కూడ నీదే. గాని బాయిల పనిచేసింది నువ్వే అని ప్రమాణం చేసి చెప్పేటోళ్ళు కావాలె. పట్కరా."

అప్పుడు మిర్చీ కొరికిండు. చల్లారిపోయిందని ఐలవ్వను తిట్టిండు.

జూన్ 17

బుగులేం లేదు. వకీలు సాబ్ ఉన్నడు.

జూన్ 20, గురువారం

రాజం వచ్చిండు. నర్సింగం కంట్రాక్టరుకు లెక్కలు రాసే మున్షీ. తెల్లంగి, కొత్త సైకిలు. వాడొస్తున్నడని వాకిట్లకెల్లి చూసి, కుడి అంగీచెయ్యిల బీరకాయ పెట్టుకొని ముందటికి చాపిన. "రా రాజమన్నా, చెయ్యి కలుపు" అన్న. వాడు పట్టుకున్నడు. బీరకాయ వాని చేతులకే ఊడి వచ్చింది.

పోయిన యేడాదైతే బాయంతా ఈ ముచ్చట చెప్పుకొని దొర్లేటోళ్ళు. రాజం బీరకాయను మెల్లగ గద్దె మీద పెట్టిండు. వేళ్ళు తుడుసుకున్నడు.

"కాయితం మీద ఆగయ్య ఉన్నడు. ఆగయ్యకు చేతులున్నయి. నువ్వు కాయితం మీదనే లేవు. లేనోనికి చెయ్యెట్ల పోతదే?"

నేను ఖాళీ అంగీచెయ్యి వెనుకకు మలుపుకున్న.

"కేసు తీసుకో. తీసుకోకుంటే దొంగపేరు మీద పనిచేసినందుకు చార్ సౌ బీస్ కేసైతది. నువ్వొక్కనివే పోతవనుకోకు. దొంగపేర్లోళ్ళు ఎవ్వలెవ్వలున్నరో అన్ని తీస్తరు. అప్పుడు నిన్ను బాయోళ్ళే బతుకనియ్యరు."

పొయ్యేటప్పుడు పూలమ్మతోని "అక్కా, బీరకాయ లేతగున్నది, వండుకో" అన్నడు.

వండలే. పారేసింది.

జూన్ 21

రాజం అన్న మాట నెత్తిల తిరుగుతున్నది. లేనోనికి. లేనోనికి. లేని చెయ్యేమో వేళ్ళు ముడుసుకున్నట్టు నొస్తున్నది. అద్దంల చూసుకున్న. ఉన్న.

జూన్ 24, సోమవారం

సాక్షుల కోసం తిరిగిన. నాతోని తట్ట, చెమ్మస్ పార పట్టినోళ్ళు, నా సద్దిల చెయ్యి పెట్టి తిన్నోళ్ళు. ఒక్కడు తలుపు తీసి, నన్ను చూసి "ఇంట్ల లేను" అని మూసిండు. గంత బుగులుల కూడ నవ్వొచ్చింది.

ఇంకొకడు, వాని పేరు ఈడ రాయను, వాకిట్లకు వచ్చిండు. అటుదిక్కు మొకం పెట్టుకొని మాట్లాడిండు.

"ప్రమాణం చేయించినంక మొదటిది ఏం అడుగుతరే?"

"పేరు."

"మరి నేనేం చెప్పాలె?"

నాకు అప్పుడు సమజయింది. వానిది కూడ వాని పేరు కాదు. ఇన్నేండ్లు ఒక్క తాన పనిచేసినం, నాకే తెల్వదు. వాడు వాకిలి మూసినంక కూడ నేను ఆడనే నిలవడ్డ.

నా చెయ్యి కోసం ఎంతమంది నోటి కాడి కూడు పోవాలె?

జూన్ 26

రాజం మనిషొకడు సైకిలు మీద వెనుక వెనుక వస్తున్నడు. నేను ఆగితే ఆగుతడు, గొలుసు సరిచేసుకుంటడు. రోజు గొలుసు ఊడే సైకిలు ఏ దుకాన్ల దొరుకుతదో అడుగుదామనుకున్న. అడుగలే.

జూన్ 28, శుక్రవారం

బావ వచ్చిండు.

పూలమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది, కూడు పెట్టింది. బావ నా అంగీచెయ్యి దిక్కు చూడలే. పల్లెం ముందట పెట్టుకొని ఎడమచేత్తో కలుపుతున్నడు. కుడిచెయ్యి తువ్వాల కింద దాసుకున్నడు.

"గదేందే అన్నా, ఎడమచేత్తో తింటున్నవు?" అన్నది పూలమ్మ.

బావ ముద్ద పల్లెంలనే పెట్టి ఏడ్సిండు.

"నన్ను కారులెక్కిచ్చుకొని పోయిండ్రు బావా. దొంగపేరు మీద మనిషిని పెట్టినందుకు నన్నే జేల్ల ఏస్తరట. కోర్టు కచేరిల నిలవడి రెండు చేతులు చూపిస్తె ఇడిసిపెడ్తరట. గంతే పని అన్నరు. చూపియ్యాలె, ఇంటికి రావాలె."

"చూపియ్యి మరి. ఉన్నయి గద" అన్న.

"నీ మీద ఒట్టు, నాకు బాయంటే ఎంత బుగులో జేలంటే గంతకన్న ఎక్కువ."

నేను తిడుదామనుకున్న. మంచి తిట్లు మస్తున్నయి నా తాన. గాని సొరంగం మూతి కాడ కూలవడ్డ ఆ మొకమే యాదికొచ్చింది. ఆనాడు నవ్విన. ఇయ్యాల నా మొకం కూడ గట్లనే ఉన్నది కావచ్చు.

పూలమ్మ ఎంగిలి పల్లెం తీసుకపోయి బయట చాలసేపు తోమింది.

జూన్ 30, ఆదివారం

వకీలు సాబ్‌తోని చెప్పిన. కేసు తీసుకుందాం సార్, నాతోని బాయంతా మునుగుతది అన్న.

"సొంత పేరు మీద పనిచేసేటోడు ఒక్కడు లేడా?"

"ఒకడున్నడు. మన్సూర్. బత్తీల ఖోలిల ఉంటడు. షిఫ్టు షిఫ్టుకు దీపం ఇచ్చేది వాడే. గాని వాడు నాతోని మాట్లాడడు."

"ఎందుకు?"

చెప్పిన. వకీలు సాబ్ రెండు చేతులతోని తల పట్టుకున్నడు. వెనుకకెల్లి ఐలవ్వ "చెప్పు, చెప్పు, దున్నపోతు ముచ్చట కూడ చెప్పు" అన్నది.

ఒక రంజాన్ పండుగ నాడు, హైదరాబాదుకెల్లి పెద్ద సాబ్ వస్తున్నడు, నువ్వు గేటు కాడ నిలవడి సలాం చెయ్యాల్నట అని మన్సూర్‌కు కబురు పంపిన. వాడు నమాజు ఇడిసిపెట్టి, కొత్త షేర్వానీ ఏసుకొని, ఎండల నిలవడ్డడు. నేను దున్నపోతుకు టోపీ పెట్టి తోలుకొచ్చిన. బాయంతా నవ్వింది. మన్సూర్ మాత్రం షేర్వానీ గుండీలు ఒక్కొక్కటి ఇప్పుకుంట ఇంటికి పోయిండు. అప్పటిసంది నా బత్తీని కిటికీల నుంచి నా దిక్కు చూడకుంటనే నూకుతడు.

"వాన్నే పిలుద్దాం" అన్నడు వకీలు సాబ్.

"వద్దు సార్! వాడు ప్రమాణం చేసి నన్ను ఉరి తీపిస్తడు."

"నేను పోయి అడుగుత. నువ్వు రాకు."

జూలై 3

మన్సూర్ విన్నడట, వేలికున్న అంగూఠీ తిప్పుకున్నడట, లోపటికి పోయిండట. కచేరికి రమ్మని సమన్లు పంపుతనన్నడు వకీలు సాబ్. పూలమ్మకు కూడ.

వాడు నర్సింగం కింద నౌకరి చేసేటోడు. ఎందుకు నా తరఫున చెప్తడు? నేనే అయితే చెప్పేటోన్ని కాదు.

జూలై 9

అన్నం పోతలేదు. పోయిన చెయ్యి లెక్క తేల్చే కమీషనరు ముందుకు పోయేది సోమవారం.

జూలై 12

పూలమ్మ పోశమ్మకు బోనం చేసింది. ఏం మొక్కినవే అంటే చెప్పలే. "నన్నేం పేరుతోని మొక్కినవే?" అన్న. కండ్లు ఎర్రగ చేసి చూసింది. పరాచికానికి అనలే ఈసారి. నిజంగనే అడిగిన.

జూలై 14

ఇంటి కప్పు మీద రాయి పడ్డది. పట్టపగలే. కోతులు అయి ఉంటయి.

కోతులే.

జూలై 16, మంగళవారం

నిన్నటిది రాయాలె. నిన్న బుక్కు తీసి మళ్ల గుమ్మిల పెట్టిన.

కరీంనగర్ కచేరి. ఒక పొడుగు రూము, పైన పంఖ. కమీషనరు ముసలాయన, చెవిల దూది పెట్టుకున్నడు. నర్సింగం పక్కన వాని వకీలు నల్లకోటు, రాజం. బావను మొదలు పిలిచిండ్రు. పేరేంది అంటే ఆగయ్య అన్నడు. చేతులు చూపియ్యమన్నరు. బావ రెండు చేతులు లేపిండు. పోలీసోడు తుపాకి చూపిస్తె లేపినట్టు లేపిండు. దించుమన్నా దించలే, రాజం వచ్చి దించిండు.

"సార్, ఇంతకన్న ఏం కావాలె? ఆగయ్య చేతులు ఆగయ్యకే ఉన్నయి" అన్నడు వాళ్ళ వకీలు. ఎవ్వలో నవ్విండ్రు. ఆ నవ్వు నాకు బాగ తెలుసు. మందిల నుంచి వచ్చే నవ్వు. ఎప్పుడు నేను తెప్పిచ్చేది, ఇప్పుడు నా మీదికి వచ్చింది.

మన్సూర్ వచ్చిండు. అదే షేర్వానీ.

"ఈ మనిషిని ఎరుగుదువా?"

మన్సూర్ నా మొకం చూసిండు. ఇన్నేండ్లకు మొదటిసారి.

"సాబ్, ఈ బద్మాష్‌ను నేను మరుస్తనా? ఈద్ నాడు నా నమాజు తప్పిచ్చిండు. దున్నపోతుకు టోపీ పెట్టి నాతోని సలాం చేయించిండు. నా నాష్తా డబ్బల కప్పను పెట్టిండు. ఆ తర్వాత కూడ షిఫ్టు షిఫ్టుకు ఈనికే నేను దీపం ఇచ్చిన. ప్రతిసారి దిల్‌ల బద్దుఆ ఇచ్చుకుంట, శాపం పెట్టుకుంట ఇచ్చిన. చెయ్యి నలిగిన రోజు కూడ నేనే ఇచ్చిన. ఆ రోజు దీపం వాపస్ రాలే, వీని నెత్తురే వచ్చింది. అగో, గా రెండు చేతులాయన" అని బావను చూపిచ్చిండు, "ఆయనను నేను ఇయ్యాలనే చూస్తున్న."

"పగతోని చెప్తున్నవా?" అన్నడు వాళ్ళ వకీలు.

"పగ ఉన్నది సాబ్. పగ ఉన్నోడు ఇంకొకన్ని చూసి వీడే అనుకుంటడా?"

కమీషనరు చెవిల దూది తీసిండు.

అప్పుడు పూలమ్మను పిలిచిండ్రు. కొంగు నిండుగ కప్పుకొని వచ్చి నిలవడ్డది. వాళ్ళ వకీలు మెత్తగ, మర్యాదగ అడిగిండు. "ఏమమ్మా, నీ భర్త పేరేంది?"

పూలమ్మ తల వంచింది. మా ఇండ్లల్ల ఆడోళ్ళు పలుకరని వానికి తెల్వదా? తెలుసు. తెలిసే అడిగిండు. ఆగయ్య అంటే తోడబుట్టినోన్ని మొగడన్నట్టు. పలుకకుంటే నేను ఎవ్వన్ని కానట్టు. నా పేరు చెప్తే నేను దొంగపేరు మీద పనిచేసినట్టు. మూడు దిక్కుల గోడలే. లింగమూర్తి సార్ లేస్తడని చూసిన. ఆయన కాయితం దిక్కు చూసుకుంట కూసున్నడు, పెన్ను పట్టిన వేళ్ళు తెల్లవడ్డయి.

"చెప్పమ్మా. సిగ్గా? బుగులా?"

వద్దు, నోరు తెరువకు, ఇంటికి పోదాం అని సైగ చేద్దామనుకున్న. లేని చెయ్యే లేచింది.

పూలమ్మ కొంగు దించింది.

"బిక్షం" అన్నది.

ఇంకోసారి గట్టిగ అన్నది. "నా మొగని పేరు బిక్షం. ఆగయ్య నా అన్న. మా అన్నకు చేతులున్నయి, నేను చూస్తనే ఉన్న, సల్లగుండనియ్యిండ్రి. నా మొగనికి కుడిచెయ్యి లేదు. ఆయన అంగీ గుండీలు పొద్దుగాల నేనే పెడుతున్న. మాకు రెండు పేర్లుంటే ఉండనియ్యిండ్రి సారూ. పోయిన చెయ్యి ఒక్కటే."

నా పేరు ఆమె నోట్లకెల్లి వినుడు అదే మొదలు. ఎవ్వన్నో పిలిచినట్టనిపిచ్చి వెనుకకు తిరిగి చూసిన. వెనుక గోడ ఉన్నది.

బావ ఆడనే కూలవడి రెండు చేతుల్ల మొకం దాసుకున్నడు.

కమీషనరు చాలసేపు రాసిండు. "పేరు సంగతి వేరే కచేరి చూసుకుంటది. చెయ్యి సంగతి నాది. పనిచేసింది ఇతనే" అన్నడు. కంట్రాక్టరు నష్టపరిహారం కట్టాలె. వేరే కచేరి అన్న మాట దగ్గర రాజం నవ్విండు. నేను చూసిన.

బయట మన్సూర్ కాడికి పోయి "సలాం మన్సూర్ భాయ్" అన్న.

"నీతోని మాట్లాడలే. సాబ్‌తోని మాట్లాడిన" అని బస్సెక్కిండు.

జూలై 17

మొదటి పేజీల గీత మీద పేరు రాసిన. బిక్షం. వంకరొచ్చింది. వంకరనే ఉండనీ.

జూలై 20

మన్సూర్‌ను బత్తీల ఖోలికెల్లి తీసేసిండ్రట. ఇంటికి పోయిన. తలుపు తియ్యలే. లోపట దగ్గు వినవడ్డది. అరుగు మీద కూసొని వచ్చిన. రేపు వకీలు సాబ్‌తోని చెప్పాలె.

జూలై 21, ఆదివారం

మన్సూర్ కేసు కూడ ఏస్తనన్నడు వకీలు సాబ్. "ఫీజు లేకుంటనే, గాని వీడు వెనుకబల్ల కాడ కూసొని పనిచెయ్యాలె" అని నన్ను చూపిచ్చిండు. నోరు నడిచే మనిషి కావాల్నట, వచ్చినోళ్ళ బుగులు తియ్యనీకి. నా బుగులు ఎవ్వడు తియ్యాలె అని అడుగలే. మధ్యాన్నం ఇంటి ముందటికెల్లి పోలీసు జీపు పోయింది. మా దగ్గర ఆగలే. దుమ్ము తగ్గేదాక తలుపెనుకనే నిలవడ్డ.

జూలై 28, ఆదివారం

వాన. హోటలెనుక రేకు కింద నేను, వకీలు సాబ్. మిర్చీలు తడుస్తున్నయని ఐలవ్వ గొణుగుతున్నది. తుపాన్ వచ్చినా వకీలు సాబ్ పల్లెం ఖాళీ చేసే లేస్తడు అన్న. ఆయన నవ్విండు. నేను కూడ.

అప్పుడు వాడు వచ్చిండు. జూన్ నెలల వాకిట్ల నిలవడి, మొకం అటు పెట్టుకొని మాట్లాడినోడు. ఇయ్యాల మొకం ఇటు తిప్పిండు. ఎడమ కన్ను పాలలెక్క తెల్లగున్నది. రాయి పేలిచ్చినప్పుడు ముక్క తగిలిందట. ఎప్పుడు అంటే చెప్పలేకపోయిండు, అంత పాతది. కన్ను లేదని తెలిస్తే తీసేస్తరని దాసుకున్నడట. కేసేద్దామంటే పేరు తనది కాదాయె.

"నీ పేరేంది?" అన్నడు వకీలు సాబ్.

వాడు నా దిక్కు చూసిండు. వంగి నా చెవిల చెప్పిండు. రెండు పేర్లు. నేను వంగి వకీలు సాబ్ చెవిల చెప్పిన. ఈడ రాయ. ఈ బుక్కు నాదే, గుమ్మి నాదే, అయినా రాయ.

సడకకు అటుపక్క వానల రాజం మనిషి సైకిలు ఆగింది. గొలుసు సరిచేసుకుంట ఇటే చూస్తున్నడు. కన్ను పోయినోడు లేవబోయిండు. నా ఎడమ చెయ్యి వాని భుజం మీదేసి కూసోవెట్టిన. వణుకుతున్నది. వాని భుజమో నా చెయ్యో తెల్వలే. తియ్యలే.